కానుపయ్యాక కూడా కొడుతున్నాడు, చెల్లిని మళ్లీ పంపమంటున్నారు

నరసన్నపేట అప్ప:
అందరికీ నమస్తే. చెల్లిని చీపురుపల్లి దగ్గర ఊరికి ఇచ్చాం. ఏడో నెలలో కడుపు మీద తన్నాడంట, మాకు మాత్రం మెట్లు జారానని చెప్పింది, కానుపుకి కన్నోరింటికి వచ్చాక కూడా నోరిప్పలేదు. పాప పుట్టింది, మూడో నెలలో తీసుకెళ్లారు, మళ్లీ అదే. రాత్రి పాప ఏడిస్తే నిద్ర పాడైందని చెల్లిని కొడతాడు, ఆడపిల్లని కన్నావని అత్త సణుగుడు వేరే. మొన్న పాపని ఎత్తుకుని బస్సెక్కి వచ్చేసింది. అమ్మేమో బిడ్డతల్లివి సర్దుకుపో అంటోంది, పెద్దమనుషులు ఆదివారం పంపించేయమన్నారు, పంపకపోతే పాపని లాక్కుంటామని ఫోన్లో బెదిరింపులు. కేసంటే చెల్లికి భయం. ఏటి చెయ్యాలో చెప్పండి.

పల్లె ఏఎన్ఎం:
ఆదివారం పంపకండమ్మా. కడుపుతో ఉన్నప్పుడే తన్నినవాడు బిడ్డ పుడితే మారతాడని ఎదురుచూడ్డం ప్రమాదం. కడుపు మీద దెబ్బ తగిలితే మాయ విడిపోవచ్చు, రక్తం బయటికి కనపడకుండా లోపలే పోవచ్చు, నెలలు నిండకుండా కాన్పైపోవచ్చు. ఇది చదివే గర్భిణులెవరైనా ఉంటే దెబ్బ తగిలిన రోజే ఆస్పత్రికి వెళ్లండి, నెగెటివ్ బ్లడ్ గ్రూప్ అయితే ఆ సంగతి తప్పకుండా చెప్పండి, దానికి వేరే ఇంజెక్షన్ అవసరం పడొచ్చు. మా దగ్గరికి చెకప్‌కి వచ్చినప్పుడు పక్కనే అత్తో మొగుడో ఉంటే ఏ పిల్లా నిజం చెప్పదు, అందుకే బరువు చూడాలని లోపలికి పిలిచి ఒక్కదాన్నే అడుగుతాం. మీ చెల్లిని ఇప్పుడు డాక్టర్‌కి చూపించండి, కొట్టాడనే చెప్పి చీటీలో రాయించండి, గాయాలుంటే ఫోటోలు తీసుకోండి. నిద్రపట్టక ఏడుస్తూ, పాపని ఎత్తుకోవాలని కూడా అనిపించకపోతే బాలింత నీరసం అని వదిలెయ్యకండి, మనసు బాగోలేనోళ్ల కోసం ఉన్న ప్రభుత్వ నంబరు 14416కి ఫోన్ చేస్తే డబ్బులు లేకుండా మాట్లాడతారు.

లాయర్ మేడమ్, విజయనగరం:
కేసంటే జైలే అనుకుంటున్నారు, 2005 గృహహింస చట్టం కింద వేసేది అలాంటిది కాదు. కొట్టకూడదని, ఖర్చులు ఇవ్వాలని, ఇంట్లోంచి గెంటెయ్యకూడదని మేజిస్ట్రేట్ దగ్గర ఆర్డర్ అడగొచ్చు, ఆ ఆర్డర్ మీరితేనే ఈ చట్టం కింద క్రిమినల్ కేసు. చెల్లి ఇప్పుడు మీ దగ్గరే ఉంది కాబట్టి మీ వైపు కోర్టులోనే వెయ్యొచ్చు, చీపురుపల్లి తిరగక్కర్లేదు. పాప గురించి బెదరకండి, ఐదేళ్లలోపు బిడ్డని మామూలుగా తల్లి దగ్గరే ఉంచుతారు, ఆ బెదిరింపు కాల్స్ మాత్రం రికార్డు చేసుకోండి. ఆడవాళ్లకి ఆదాయంతో పని లేకుండా లాయర్‌ని ఉచితంగా ఇస్తారు, 15100 నంబరు. ఆడవాళ్ల హెల్ప్‌లైన్ 181కి చేస్తే జిల్లాలో ఉన్న వన్ స్టాప్ సెంటర్‌కి, అంటే హింసకి గురైన ఆడవాళ్లకి సాయం చేసే ప్రభుత్వ కేంద్రానికి పంపుతారు, కొన్ని రోజులు ఉండడానికి చోటు కూడా ఉంటుంది. కోర్టులో ఆలస్యం అవుద్ది, అది నిజమే, అందుకే ముందే మొదలెట్టండి. గొడవకొస్తే పోలీసులకి 112.

బొబ్బిలి అమ్మాయి:
నన్ను కూడా పెద్దమనుషులే పంపించారు అప్పా, పంపినోళ్లు రాత్రిళ్లు నా పక్కన లేరు కదా. మీ చెల్లి కన్నోరింటి తలుపు మాత్రం ముయ్యకండి, మిగతావి నెమ్మదిగా అవుతాయి. మీ అమ్మగారికి మీ చెల్లి చేతే చెప్పించండి ఏడో నెల సంగతి, మొత్తం.

నరసన్నపేట అప్ప:
అందరికీ దండాలు. రేపు 181కి చేస్తాం. ఒకటి, పాప టీకాల కార్డు అత్తోరింట్లో ఉండిపోయింది, అడగాలంటే భయంగా ఉంది.

పల్లె ఏఎన్ఎం:
అడగొద్దు. మీ ఊరి ఏఎన్ఎం దగ్గరికి పాపని తీసుకెళ్లండి, పడిన టీకాలు చెప్తే వేరే కార్డు రాసిస్తుంది, పద్నాలుగు వారాల టీకా మాత్రం దాటనివ్వకండి.