కాఫీ షాపు ఫ్రాంచైజీ తీసుకోవచ్చా? నడిపినవారు చెప్పండి

నిజాంపేట నివాసి:
కూకట్‌పల్లిలో 250 చదరపు అడుగుల మడిగె చూశాను. అద్దె 45 వేలు. కాఫీ బ్రాండువారు ఫ్రాంచైజీ రుసుము 6 లక్షలు, అమ్మకాల మీద 6 శాతం రాయల్టీ అంటున్నారు. ఉద్యోగం మానకుండానే నడపవచ్చట. లాభనష్టాలు, పనివాళ్లు, ఒప్పందం, అన్నీ చెప్పండి.

పద్దుల పంతులు:
రాయల్టీ అమ్మకం మీద, లాభం మీద కాదు. నష్టపోయిన నెలలోనూ కట్టవలసిందే, దానిపైన 18 శాతం జీఎస్టీ. మీరు కప్పు మీద వసూలు చేసే 5 శాతం పద్ధతిలో ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొనేటప్పుడు కట్టిన పన్నును సర్దుబాటు చేసుకునే వీలు, రాదు. అద్దె మీది 18 శాతమూ అంతే. మీ 45 వేలు అసలు 53,100.

మియాపూర్ మిత్రుడు:
మా మడిగె యజమానికి జీఎస్టీ నమోదే లేదు. మాకు ఆ గొడవ లేదు.

పద్దుల పంతులు:
మీరు నమోదై ఉండి కాంపోజిషన్‌లో, అంటే చిన్న వ్యాపారుల సులభ పన్ను పథకంలో, లేకపోతే, 2024 అక్టోబరు 10 నుంచి ఆ పన్ను రివర్స్ ఛార్జి కింద యజమానికి బదులు మీరే కట్టాలి. మీ ఆడిటరును అడగండి, ఈ రాత్రికి నిద్ర పట్టదు.

మూసేసిన షట్టరు:
పన్నులు సరే. నన్ను ముంచింది పొడి. కంపెనీ దగ్గరే కొనాలని ఒప్పందం. బయట దొరికే ధరకు ఒకటిన్నర రెట్లు, పైగా ప్యాకెట్ మీద చిన్న అక్షరాలతో "చికోరీ 47 శాతం". చికోరీ అంటే వేయించి పొడి చేసిన ఒక మొక్క వేరు. కాఫీ పేరుతో ఆ వేరు అమ్మాను పద్నాలుగు నెలలు.

డికాక్షన్ దొర:
చికోరీని తిట్టేవారికి కాఫీ తెలియదు. చిక్కదనం, రంగు దానివల్లే. మా ఇంట్లో మూడు తరాలుగా 70:30. కలిపినట్టు ప్యాకెట్ మీద రాసి, కాఫీ 51 శాతానికి తగ్గకపోతే చట్టమూ ఒప్పుకుంటుంది.

మూసేసిన షట్టరు:
మీ 30 ఎక్కడ, నా 47 ఎక్కడ? చట్టం ఒప్పుకుంటే నాలుక ఒప్పుకోవాలా?

అరకు అభిమాని:
2019లో భౌగోళిక గుర్తింపు వచ్చిన అరకు అరబికా మన పక్కనే ఉండగా వేర్ల గురించి కొట్లాటా! నేను చికోరీ లేకుండా అమ్ముతున్నాను.

డికాక్షన్ దొర:
కప్పు ఎంతకు? 180కా? ఆ ధరకు దిల్‌సుఖ్‌నగర్‌లో అమ్మి చూపించండి.

నాంపల్లి చాయ్:
ఈ ఊళ్లో కాఫీ షాపు పెట్టడమే సాహసం. ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్టు ఉండగా కాఫీ కోసం ఎవరు నిలబడతారు?

కొండాపూర్ కౌంటరు:
నిలబడతారు. మాది నాలుగో ఏడు. ఉదయం ఏడు నుంచి పదిన్నర దాకా ఊపిరాడదు, మధ్యాహ్నం ఈగలు. పెట్టుబడి తిరిగి రావడానికి ముప్పై నెలలు పట్టింది. కాఫీ పోయడం వచ్చిన కుర్రవాడు పక్క షాపు రెండు వేలు ఎక్కువిస్తే మరునాడు కనబడడు. అప్పుడు నేనే ఏప్రాన్ కట్టుకుంటాను. ఉద్యోగం చేసుకుంటూ నడపవచ్చన్నవాడు ఎప్పుడైనా షట్టరు ఎత్తాడా? ఇంకొకటి: ట్యాంకరు నీళ్లు. రెండోసారి బాయిలర్‌లో సున్నం పేరుకున్నాకే నీటి శుద్ధి యంత్రం కొన్నాను. ఆ ఖర్చు ఏ బ్రోచరులోనూ ఉండదు.

మియాపూర్ మిత్రుడు:
ఆడిటరుతో మాట్లాడాను. పంతులుగారూ, పాత నెలలకు వడ్డీ కూడా పడుతుందా?

పద్దుల పంతులు:
పడుతుంది.

ఉప్పల్ ఉత్సాహి:
ఇన్ని చిక్కులెందుకు, స్టార్‌బక్స్ ఫ్రాంచైజీ తీసుకోండి.

కొండాపూర్ కౌంటరు:
అది మన దేశంలో టాటాలతో కలిసి నడిపే ఉమ్మడి సంస్థ. మీకూ నాకూ ఇవ్వరు.

నిజాంపేట నివాసి:
ఒప్పందం ఇప్పుడే చదివాను. మూసేశాక రెండేళ్లు, ఐదు కిలోమీటర్ల లోపల కాఫీ అమ్మకూడదని 14వ పేజీలో ఉంది. అది చెల్లుతుందా?

పద్దుల పంతులు:
మన దేశంలో ఫ్రాంచైజీలకు ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 27వ సెక్షను ప్రకారం, ఒప్పందం ముగిశాక వ్యాపారం మానుకోమనే షరతు సాధారణంగా చెల్లదు. కానీ మీ డిపాజిట్ వాళ్ల దగ్గర ఉంటుంది. సంతకానికి ముందే కొట్టివేయించండి.

మూసేసిన షట్టరు:
పొడి ఎక్కడ కొనాలో ఏ పేజీలో ఉందో కూడా చూడండి.

డికాక్షన్ దొర:
మళ్లీ పొడి మీదకే వచ్చారు! ఫిల్టరులో మరిగే నీళ్లు పోసి ఉంటారు, చేదు అందుకే. చికోరీది తప్పు కాదు.