షుగర్: డాక్టరు గారి దగ్గర పది నిమిషాలు, మిగతా తొంభై రోజులు మనవే

కాలవగట్టు:
టైప్ టూ షుగర్ జబ్బు ఉన్నవాళ్ళ కోసం అడుగుతున్నానండీ. ఇంట్లో ఎప్పుడెప్పుడు కొలవాలి? అన్నం ఎంత? చేలో తిరిగేవాళ్ళు పాదాలు ఎలా చూసుకోవాలి?

మారుటేరు మసూరి:
అన్నం మానక్కర్లేదు. మన మారుటేరు వరి పరిశోధన కేంద్రం 1982లో ఇచ్చిన స్వర్ణ రకం బియ్యం, అదే ఎంటీయూ 7029, తినండి. అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ 235 రకాలు కొలిస్తే గ్లైసీమిక్ ఇండెక్స్, అంటే తిన్నది రక్తంలో షుగర్ని ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే అంకె, 48 నుంచి 92 దాకా వచ్చింది, స్వర్ణ తక్కువ వరుసలో ఉంది. ఊళ్ళో పండే బియ్యం ఉండగా ఖరీదైన 'షుగర్ బియ్యం' పొట్లాలెందుకు?

లంక కొబ్బరి:
ఈ మాట పట్టుకునే జనం కంచం నిండా పెట్టేసుకుంటున్నారు. వండిన అన్నం ఒక కప్పు, అంటే 150 గ్రాములు, తింటే 40 గ్రాముల పైన పిండిపదార్థం లోపలికి పోయినట్టే. స్వర్ణ అయినా అంతే. మూడు కప్పులకు లెక్క మీరే కట్టుకోండి.

మారుటేరు మసూరి:
కంచం నిండా తినమని నేనెక్కడ రాశానండీ? చదివి మాట్లాడండి.

పెద్దింటి వంట:
గంజి వార్చి తింటే ఏ బియ్యమైనా పర్లేదు. మన పెద్దలు అలాగే తిన్నారు.

లంక కొబ్బరి:
అమ్మా, గంజితో పోయేది కొంచెం పిండే, దాంతోపాటు బి విటమిన్లూ పోతాయి. మెతుకులో పిండి మెతుకులోనే ఉంటుంది. పైగా పెద్దలు రోజంతా చేలో ఒళ్ళు వంచేవారు. ముందు దొండకాయో బీరకాయో కూర, చేపో పప్పో తిని ఆఖర్న అన్నం కలుపుకుంటే తిన్న తరవాతి షుగర్ తక్కువ ఎగురుతుంది. గంజి కంటే ఆ వరసే పనిచేస్తుంది.

మందుల కొట్టు:
ఇరవై ఏళ్ళుగా షుగర్ మీటరు స్ట్రిప్పులు అమ్ముతున్న చెయ్యి ఇది, వినండి. బియ్యం తగువు మీటరే తీరుస్తుంది. భోజనానికి ముందోసారి, మొదటి ముద్ద నుంచి రెండు గంటలకోసారి చూడండి. చాలామందికి పరగడుపున 80–130, తిన్నాక 180 లోపు లక్ష్యం. పెద్దవయసు వాళ్ళకి డాక్టరు గారు వేరే చెప్తారు. మామిడిపండు తిన్న చేత్తో గుచ్చితే వేలి మీది తీపే కొలుస్తుంది, అందుకే సబ్బుతో కడిగి బాగా ఆరనివ్వండి. గుచ్చేది వేలి పక్కన, కొన మధ్యలో కాదు. స్ట్రిప్పు తీసిన వెంటనే డబ్బా మూత టక్కుమనేలా నొక్కండి. మన ఉక్కకి మూత తెరిచిన డబ్బా పాడైపోయి తప్పుడు అంకెలు చూపిస్తుంది.

పెద్దింటి వంట:
షుగర్ పడిపోతే పూతరేకు నోట్లో పెట్టుకోవచ్చా?

మందుల కొట్టు:
వద్దండీ. అందులో నెయ్యి చక్కెరని రక్తంలోకి ఆలస్యంగా పోనిస్తుంది. దడ, చెమట, వణుకు వస్తే కొలవండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, 15 నిమిషాలకి మళ్ళీ కొలవండి. పెరగకపోతే మళ్ళీ తాగాలి. తెలివి తప్పినవాళ్ళ నోట్లో ఏదీ పొయ్యకూడదు, ఆసుపత్రికే. గ్లిమిపిరైడ్ అనే షుగర్ మాత్ర, ఇన్సులిన్ వాడేవాళ్ళ జేబులో పంచదార పొట్లం ఉండాల్సిందే.

లంక కొబ్బరి:
ఇన్సులిన్ అన్నారు కాబట్టి: ఫ్రిజ్ లేని ఇంట్లో కుండలో కుండ పెట్టి మధ్యలో తడి ఇసుక పొయ్యమంటారు. ఉక్క రోజున నీరు ఆవిరి కాక అది అంతగా చల్లబడదు, థర్మామీటరు పెట్టి చూసుకోండి. ఐసు గడ్డ మీద మాత్రం నేరుగా పెట్టొద్దు, గడ్డకట్టిన ఇన్సులిన్ పారెయ్యాల్సిందే.

చేను చెప్పులు:
పాదాల ప్రశ్న ఎవరూ ముట్టుకోలేదేంటండీ! కాళ్ళు పోయేది అక్కడే. స్పర్శ తగ్గిన కాలికి నత్తగుల్ల పెంకు దిగినా తెలియదు. రోజూ రాత్రి నేల మీద అద్దం పెట్టి అరికాలు చూడండి. ఊడ్పుల్లో నానిన కాళ్ళు కడిగి వేళ్ళ సందులన్నీ పొడిబట్టతో ఒత్తి తుడవాలి. కొబ్బరినూనె మడమలకి రాయండి, సందుల్లో వద్దు, తడి నిలిచి చిట్లుతుంది. ఆనెకాయ బ్లేడుతో కొయ్యొద్దు. వేడినీళ్ళు మోచేత్తో చూశాకే కాలు పెట్టండి. చెప్పుల్లోకి చెయ్యి పెట్టి తడిమాకే తొడుక్కోండి. పుండు కనిపించిన రోజే చూపించండి, పసుపు పెట్టి వారం ఆగొద్దు.

మారుటేరు మసూరి:
ఇది ఒప్పుకుంటా. కళ్ళూ కలపండి. చూపు బాగున్నా ఏడాదికోసారి కంట్లో చుక్కలు వేయించుకుని రెటీనా, అంటే కంటి లోపలి పొర, చూపించుకోవాలి. ఆ తరవాత కొన్ని గంటలు మసకే, బండి నడపొద్దు. తోడు ఎవరినైనా తీసుకెళ్ళండి.