నాన్నగారు 17 ఏళ్ళు సైన్యంలో పనిచేశారు, నన్ను మాత్రం అగ్నివీర్‌గా వెళ్ళవద్దంటున్నారు

ప్రశ్న: డిగ్రీ రెండవ సంవత్సరం విద్యార్థి, టెక్కలి

పెద్దలకు నమస్కారం. మాది శ్రీకాకుళం జిల్లా, నా వయసు 19 సంవత్సరాలు. మా వైపు సైన్యానికి వెళ్ళడం కొత్త సంగతి కాదు. మా వీధిలోనే నలుగురు మాజీ సైనికులున్నారు, వారిలో మా నాన్నగారు ఒకరు. ఆయన 1994లో ఆర్టిలరీలో గన్నర్‌గా చేరి, హైదరాబాదు గోల్కొండలోని కేంద్రంలో శిక్షణ పొంది, 17 సంవత్సరాలు పనిచేసి హవల్దారుగా పెన్షన్ మీద ఇంటికి వచ్చారు. ఇప్పుడు ఒక బ్యాంకులో గార్డుగా ఉన్నారు.

నేను అగ్నివీర్ (నాలుగేళ్ళ కాలానికి సైన్యంలోకి తీసుకునే సైనికుడు) జనరల్ డ్యూటీకి ఆన్‌లైన్ పరీక్ష రాసి ఉత్తీర్ణుణ్ణయ్యాను. శారీరక పరీక్షలు జరిగే నియామక ర్యాలీకి ఇంకా రెండు నెలల సమయం ఉంది. 1.6 కిలోమీటర్ల పరుగును ఐదున్నర నిమిషాల లోపే పూర్తి చేస్తున్నాను, పది పుల్ అప్స్ తీయగలుగుతున్నాను. ఇంట్లో చెప్పిన రోజు నుంచి నాన్నగారు నాతో సరిగా మాట్లాడడం లేదు. చిన్నప్పటి నుంచి ఆయన యూనిఫాం చూసి పెరిగినవాణ్ణి కాబట్టి ఆయన సంతోషిస్తారనే అనుకున్నాను. ఆయన అన్న మాట ఒక్కటే: "నేను వెళ్ళినప్పుడు అది ఉద్యోగం, నువ్వు వెళ్ళేది నాలుగేళ్ళకు. 24 ఏళ్ళకు ఇంటర్ సర్టిఫికెట్ పట్టుకుని తిరిగి రావడానికా నిన్ను పంపేది?" అమ్మ భయం వేరు. 2025 మే నెలలో గోరంట్ల మండలం కల్లి తండాకు చెందిన అగ్నివీర్ మురళీ నాయక్ నియంత్రణ రేఖ వద్ద ప్రాణాలు అర్పించినప్పుడు ఆ తల్లిదండ్రులను టీవీలో చూసిన నాటి నుంచి మా ఇంట్లో ఆర్మీ అనే మాట ఎత్తితే ఆమె లేచి వెళ్ళిపోతుంది.

ఇక నా ఇబ్బంది. మాజీ సైనికుల పిల్లలకు బోనస్ మార్కులున్నాయి. అవి కావాలంటే నాన్నగారి రికార్డు ఆఫీసు ఇచ్చే రిలేషన్‌షిప్ సర్టిఫికెట్ ర్యాలీలో చూపించాలి, దానికి ఆయన సంతకంతో దరఖాస్తు వెళ్ళాలి. ఆయన డిశ్చార్జి బుక్ ఇంట్లో నల్ల ట్రంకు పెట్టెలో ఉంది, తాళం ఎక్కడుంటుందో నాకు తెలుసు. 18 నిండినవారి చేరికకు తల్లిదండ్రుల సంతకం అక్కరలేదు కాబట్టి, ఎలాగో కాగితాలు సిద్ధం చేసుకుని ముందు ఎంపికైపోయి తరువాత ఒప్పించుకోమని స్నేహితులంటున్నారు. నాకు మనసొప్పడం లేదు, అలాగని ఈ అవకాశం వదులుకోలేను. ఏం చేయమంటారు?

జవాబు: విశ్రాంత సుబేదార్, సికింద్రాబాద్

బాబూ, మాది తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరం. ఊరి పేరుకు ముందు మిలిటరీ అనే మాట చేర్చి పిలిచే ఊరు కాబట్టి, తండ్రి వెళ్ళిన దారిలో కొడుకు వెళ్ళడం మాకు పండుగ లాంటిది. అటువంటి ఊళ్ళో కూడా మీ నాన్నగారిలా మాట్లాడే తండ్రులను నేను ఈ మూడు నాలుగేళ్ళలో చూస్తున్నాను. అందుకే ఆయన మాటను పిరికితనంగానో మొండితనంగానో అనుకోవద్దు. ఆయన వ్యతిరేకిస్తున్నది సైన్యాన్ని కాదు, షరతులను. 17 ఏళ్ళ సర్వీసు, దాని వెనుక జీవితాంతం పెన్షన్, క్యాంటీన్ కార్డు, ఆసుపత్రి సౌకర్యం, ఇవే మీ ఇంటిని నిలబెట్టి ఉంటాయి. వాటి విలువ ఆయనకు తెలిసినంతగా నీకు తెలియదు.

ఆ పెట్టె తాళం ముట్టుకోకు. అందులో ఉన్నది ఆ మనిషి జీవితంలోని 17 సంవత్సరాలు. నీకు తెలియకుండా ఎవరైనా దాన్ని తీస్తే నువ్వు ఊరుకుంటావా? ఒక శిక్షణ కేంద్రంలో నేను ఆరేళ్ళు ఉస్తాద్‌గా, అంటే శిక్షకుడిగా పనిచేశాను. ఇంట్లో చెప్పకుండా వచ్చిన కుర్రవాళ్ళను దూరం నుంచే గుర్తుపట్టేవాణ్ణి. పరుగులో వాళ్ళు వెనుకబడేవారు కాదు. ఆదివారం సాయంత్రం అందరూ ఫోన్ కోసం వరుసలో నిలబడితే వీళ్ళు బ్యారక్‌లోనే కూర్చునేవారు. శిక్షణలో మొదటి రెండు నెలలు మనిషిని నిలబెట్టేది ఇంటి నుంచి వినిపించే గొంతు.

ఇప్పుడు అసలు లెక్క చూద్దాం. నువ్వు నాన్నగారి ముందు కూర్చున్నప్పుడు ఇవన్నీ నీ నోటి నుంచే రావాలి. అగ్నివీరులను తీసుకునే అగ్నిపథ్ పథకాన్ని 2022 జూన్‌లో ప్రకటించారు. మొదటి ఏడాది నెలకు 30 వేల రూపాయలు, నాలుగో ఏడాదికి 40 వేలు. అందులో 30 శాతం సేవా నిధికి కోత పడుతుంది కనుక మొదటి ఏడాది చేతికి వచ్చేది 21 వేలు. అంతే మొత్తం ప్రభుత్వం కలుపుతుంది, నాలుగేళ్ళ చివర వడ్డీతో దాదాపు 11.71 లక్షలు ఆదాయపు పన్ను లేకుండా వస్తాయి. పెన్షన్ లేదు, గ్రాట్యుటీ లేదు. సర్వీసులో ఉండగా 48 లక్షల బీమా ఉంటుంది. ఒక్కో బ్యాచ్‌లో గరిష్ఠంగా 25 శాతం మందినే రెగ్యులర్ కేడర్‌లోకి, అంటే శాశ్వత సర్వీసులోకి తీసుకుంటారు. మరొక విషయం చాలామంది చదవకుండానే సంతకం పెడతారు: ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప నాలుగేళ్ళు పూర్తి కాకుండా సొంత ఇష్టం మీద బయటికి రావడానికి వీలు లేదు. మొదటి బ్యాచ్ శిక్షణ 2023 జనవరిలో మొదలైంది. అంటే నీ ముందు నడిచినవారి అనుభవం ఇంకా చాలా తక్కువ, నాన్నగారి అనుమానానికి ఆ మేరకు ఆధారం ఉంది. కేంద్ర సాయుధ బలగాల్లో మాజీ అగ్నివీరులకు రిజర్వేషన్, వయసు సడలింపు ప్రకటించారు, కానీ అక్కడ కూడా పోటీ పడే చేరాలి.

ఇవన్నీ ఒక తెల్లకాగితం మీద రాసి, ఆ 75 శాతంలో నువ్వు ఉంటే 24వ ఏట ఏం చేస్తావో కింద రాయి. నాన్నగారు అడుగుతున్న ప్రశ్న అదే. దానికి నీ దగ్గర సమాధానం లేకపోతే వెళ్ళడానికి నువ్వు ఇంకా సిద్ధంగా లేవని నా అభిప్రాయం.

జవాబు: ఒక జవాను తల్లి, ప్రకాశం జిల్లా

నాయనా, నేను అడ్డం పడిన తల్లిని. మావాడు వెళ్ళి తొమ్మిదేళ్ళయింది. వద్దన్నాను, అన్నం మానేశాను, వాడు వెళ్ళిపోయాడు. శిక్షణ పూర్తయి కసమ్ పరేడ్‌కు (జవాన్లు ప్రమాణం చేసే కవాతు) రమ్మని పిలిచినప్పుడు కోపంతో నేను వెళ్ళలేదు, వాళ్ళ నాన్నను వెళ్ళనివ్వలేదు. ఆ రోజు తల్లిదండ్రులకు గౌరవ్ పదక్ అని ఒక పతకం అందిస్తారట, మిగిలినవాళ్ళ తల్లుల మెడల్లో అది ఉన్న ఫోటోలు తరువాత వాడే చూపించాడు. మా పతకాన్ని మొదటి సెలవుకు వచ్చినప్పుడు బట్టల మధ్య చుట్టి తెచ్చి, ఏమీ అనకుండా దేవుడి గూటి దగ్గర పెట్టాడు. ఏ మాట అన్నా నాకింత బాధ కలిగి ఉండేది కాదు.

మీ అమ్మకు లెక్కలు చెప్పి లాభం లేదు. ఆ కాగితం మీ నాన్న కోసం. మీ అమ్మ దగ్గర ఊరికే కూర్చో, ఆమె భయాన్ని పూర్తిగా చెప్పనివ్వు. "ఏమీ కాదమ్మా" అనే మాట మాత్రం అనకు, అది అబద్ధమని ఆమెకు తెలుసు. నాతో అందరూ అదే మాట అన్నారు, అందుకే ఎవరినీ నమ్మలేదు.

జవాబు: సీడీఎస్ అభ్యర్థి, హనుమకొండ

ఒక విషయం మాత్రమే చెబుతాను. మీ నాన్నగారి మాటలో "ఇంటర్ సర్టిఫికెట్" అన్నదాన్ని గమనించండి. డిగ్రీ పూర్తి చేస్తే యూపీఎస్సీ ఏటా రెండుసార్లు నిర్వహించే సీడీఎస్ (కంబైన్డ్ డిఫెన్స్ సర్వీసెస్) పరీక్ష రాసి అధికారి హోదాలో చేరవచ్చు. రాత పరీక్ష తరువాత ఐదు రోజుల ఎస్ఎస్‌బీ (సర్వీసెస్ సెలెక్షన్ బోర్డు) ఇంటర్వ్యూ ఉంటుంది, కష్టమైనదే, నేను ఒకసారి వెనక్కి వచ్చాను. ఒకవేళ మీరు అగ్నివీర్‌గానే వెళ్ళాలనుకుంటే, సైన్యంలో పొందిన శిక్షణకు క్రెడిట్లు ఇచ్చే ఇగ్నో (ఇందిరా గాంధీ సార్వత్రిక విశ్వవిద్యాలయం) డిగ్రీ కార్యక్రమం ఉంది. చదువు ఆగదని చెప్పగలిగితే ఆయన అభ్యంతరంలో సగం తీరుతుందని నా నమ్మకం.

ప్రశ్న అడిగిన విద్యార్థి

అందరికీ కృతజ్ఞతలు. మొన్న రాత్రి నాన్నగారు డ్యూటీ నుంచి వచ్చాక సుబేదార్ గారు చెప్పినట్లు రాసిన కాగితం ఆయన ముందు పెట్టాను. రెగ్యులర్ కేడర్‌లోకి తీసుకోకపోతే ఏం చేస్తానో అందులో రాశాను: ఇగ్నో డిగ్రీ, ఆ తరువాత కేంద్ర బలగాల పరీక్షలు, సేవా నిధిని ముట్టుకోకుండా బ్యాంకులో ఉంచడం. పెట్టె తాళం గురించి వచ్చిన ఆలోచన కూడా దాచకుండా చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత తానే లేచి పెట్టె తెరిచి, "నీ పుట్టిన తేదీ రికార్డులో ఎలా ఉందో ఎప్పుడైనా చూశావా?" అని అడిగారు. నేను పుట్టినప్పుడు ఆయన యూనిట్ నుంచి రికార్డు ఆఫీసుకు వెళ్ళిన పార్ట్ టూ ఆర్డర్‌లో (కుటుంబ వివరాలు నమోదు చేసే పత్రం) నెల తప్పు పడింది, పదవ తరగతి మెమోతో కలవదు. అది సరిచేయకపోతే రిలేషన్‌షిప్ సర్టిఫికెట్ రాదు.

సోమవారం సెలవు పెట్టి, శ్రీకాకుళంలోని జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి నన్ను తీసుకువెళతానన్నారు. రికార్డు సరిగా ఉండాలి కాబట్టి వస్తున్నానని, దీన్ని అంగీకారంగా భావించవద్దని గట్టిగానే చెప్పారు. అమ్మ ఇంకా ఆ మాట ఎత్తనివ్వడం లేదు, కానీ తెల్లవారుజామున నేను పరుగుకు బయలుదేరే వేళకు రెండు రోజులుగా గుడ్లు ఉడికించి ఉంచుతోంది. ఆమెతో తొందరపడను.

నాసిక్ రోడ్‌లోని ఆర్టిలరీ రికార్డ్స్ ద్వారా పుట్టిన తేదీ సవరణ చేయించుకున్నవారు ఇక్కడ ఎవరైనా ఉంటే, అఫిడవిట్‌తో పాటు ఏయే కాగితాలు జతచేశారో, ఎన్ని వారాలు పట్టిందో దయచేసి తెలియజేయగలరు.