కబ్బన్ పార్కు బ్యాండ్‌స్టాండు: ఆ కప్పు నీడ కోసమా, నాదం కోసమా?

కావలి క్లారినెట్:
ముప్పై ఏళ్లు పెళ్లి ఊరేగింపుల్లో క్లారినెట్ వాయించినవాణ్ణి. మొన్న బెంగళూరులో మా అబ్బాయి ఇంటికి వెళ్లినప్పుడు కబ్బన్ పార్కులో పాత బ్యాండ్‌స్టాండు చూశాను. ఎనిమిది పలకల గద్దె, పోత ఇనుప స్తంభాలు, పైన గొడుగులా కప్పు. బ్రిటిష్ సైనిక బ్యాండ్లు అక్కడ వాయించేవట. ‘ఫొటోలకు బాగుంటుంది మామయ్యా’ అంది కోడలు. నా చూపు మాత్రం కప్పు కిందే ఉండిపోయింది. మా ఊరేగింపు నాలుగు రోడ్ల కూడలికి వచ్చిందంటే నా పాట నాకే వినపడేది కాదు. ఇరుకు సందులోకి తిరగగానే గోడలకు తగిలి స్వరం నిండుగా పలికేది. ఈ కప్పుదీ అదే పనా? ఎనిమిది మూలలు ఎందుకు, గుండ్రంగా కట్టకూడదా?

పెన్నా గట్టు:
మాస్టారూ, మీ చెవి సరిగ్గానే పట్టింది. పైకి పోయే నాదాన్ని కప్పు కిందికి మళ్లించి జనం వైపు పంపుతుంది. గద్దె ఎత్తుగా ఉండటంతో ముందు వరస తలలు అడ్డం రావు. నెల్లూరు రంగనాథస్వామి గుడి మండపంలో సన్నాయి వినే ఉంటారు, రాతి కప్పు కింద ఎలా మోగుతుందో! కాకపోతే మండపానికి ముందూ వెనకా ఉంటాయి, బ్యాండ్‌స్టాండుకు ఉండవు. చుట్టూ ఎక్కడ కూర్చున్నా ముందు వరసే.

ఈ రకం కట్టడాలు 1861లో లండన్‌లోని సౌత్ కెన్సింగ్టన్ ఉద్యానంతో వాడుకలోకి వచ్చాయి. కబ్బన్ పార్కు 1870 నాటిది. మొదట మీడ్స్ పార్కు అన్నారు, 1927లో చామరాజేంద్ర పార్కని మార్చారు, జనం నోట కబ్బన్ పార్కుగానే నిలిచింది. దొరల సరదాకు కట్టిందని కొందరు చిన్నచూపు చూస్తారు. టిక్కెట్టు లేకుండా పాట వినే చోటును అంత తేలిగ్గా తీసేయడం నాకు నచ్చదు.

ఒంగోలు పోతపని:
మూలల సంగతి నేను చెబుతాను. వంపు తిరిగిన ముక్క పోయడం కష్టం, బిగించడం ఇంకా కష్టం. ఎనిమిది పలకలైతే ఒక్క అచ్చు చాలు, ఇసుక మూసలో అదే ముక్కను ఎనిమిదిసార్లు పోసి బోల్టులతో బిగిస్తారు. ఆ రోజుల్లో గ్లాస్గో ఫౌండ్రీలు ఇలాంటివి బొమ్మల పుస్తకం పెట్టి అమ్మేవి. నచ్చింది చూపిస్తే ముక్కలుగా ఓడలో వచ్చేది.

పాతవాటి బాగుచేతే అసలు తలనొప్పి. పోత ఇనుములో కార్బన్ రెండు శాతానికి పైనే. మామూలు ఇనుములా వెల్డింగ్ పెడితే అతుకు పక్కనే పగులుతుంది. ముక్కను ముందు వేడిచేయాలి, నికెల్ కడ్డీ వాడాలి, నెమ్మదిగా చల్లారనివ్వాలి. రంగు మీద రంగు పూస్తే పోతలో వచ్చిన నగిషీ పూడిపోతుంది. ఇంకొకటి, ఆ కాలపు కట్టడాల్లో చాలాచోట్ల స్తంభం లోపల బోలు. కప్పు మీది వాననీళ్లు అందులోంచే దిగుతాయి. ఆకులు అడ్డుపడితే నీరు నిలిచి లోపలి నుంచే తుప్పు తింటుంది. బయట మొదట్లో చిన్న గోధుమరంగు చార తప్ప ఏమీ కనపడదు.

కావలి క్లారినెట్:
అయ్యో! మా వీధి చివర పాత బంగళా వరండాకు అలాంటి స్తంభాలే ఉండేవి. వాన వస్తే మా మేళమంతా అక్కడే తలదాచుకునేది. స్తంభంలో గలగలమని చప్పుడు వినపడేది. ఒకసారి దాని మొదట్లో మీరు చెప్పిన చారే చూసి, కిళ్లీ ఉమ్మాడని మా డ్రమ్ము కుర్రాణ్ణి అందరి ముందూ తిట్టాను. వాడు కాదన్నా వినలేదు.