అమ్మానాన్నలు ఆరు నెలలకు అమెరికా వస్తున్నారు, నాన్న ఇన్సూరెన్స్ వద్దంటున్నారు

గుంటూరు ఆడపడుచు (ఫ్రిస్కో, టెక్సస్):

అందరికీ నమస్తే. మా అమ్మానాన్నలు అక్టోబరులో గుంటూరు నుంచి వస్తున్నారు. హైదరాబాద్‌లో విమానం ఎక్కి దోహా మీదుగా డాలస్‌లో దిగుతారు. ఏప్రిల్ దాకా మా దగ్గరే. నాన్నకు 71 ఏళ్లు. బీపీ, షుగర్ ఉన్నాయి, 2019లో ఒక స్టెంట్ వేశారు. అమ్మకు 66, మోకాళ్ల నొప్పులు తప్ప ఇంకేమీ లేవు.

ఇన్సూరెన్స్ మాట ఎత్తితే చాలు, నాన్న ఫోన్ అమ్మకిచ్చేస్తున్నారు. 2017లో వచ్చినప్పుడు తీసుకున్నాం, ఒక్క రూపాయి కూడా వాడుకునే పని పడలేదు. అది ఆయన మనసులో ఉండిపోయింది. ఇప్పుడు ఇక్కడి ప్లాన్ ఒకటి చూస్తే ఇద్దరికీ ఆరు నెలలకు 2,300 డాలర్ల దాకా చూపిస్తోంది. "రెండు లక్షలు పోసి కాగితం కొంటావా అమ్మా? ఆ డబ్బుతో పాపకు గొలుసు వస్తుంది" అంటారు. పైగా మా స్నేహితురాలి అమ్మానాన్నలు పారిస్ వెళ్లినప్పుడు షెంజెన్ వీసాకు 30,000 యూరోల మెడికల్ కవరేజీ తప్పనిసరి అన్నారు కదా, అది పట్టుకున్నారు. "అవసరమైన దేశం వాళ్లు అడిగి తీసుకుంటున్నారు. అమెరికా వాళ్లు వీసా ఇచ్చేటప్పుడు అడగలేదంటే అవసరం లేదనేగా" అని.

తమ్ముడేమో గుంటూరులోనే రూపాయల్లో పాలసీ తీసుకుంటే చాలా తక్కువలో పోతుంది అంటున్నాడు. నా భయమంతా నాన్న గుండె గురించే. స్టెంట్ ఉన్నవాళ్లకు ఈ పాలసీలు నిజంగా పనికొస్తాయా? తీసుకుంటే అక్కడ తీసుకోవాలా, ఇక్కడా? రాత్రి నిద్ర పట్టట్లేదు, తెలిసినవాళ్లు చెప్పండి.

ఎడిసన్ వాసి (న్యూజెర్సీ):

తీసుకోండి అండీ. కాకపోతే ఏం తీసుకుంటున్నారో చదివి తీసుకోండి. మేం చదవలేదు.

2022లో మా అత్తగారు తెనాలి నుంచి వచ్చారు. ఫిబ్రవరిలో ఒక పొద్దున చెత్త డబ్బా బయట పెడదామని చెప్పులతోనే డ్రైవ్‌వేలోకి వెళ్లారు. ముందురోజు కరిగిన మంచు రాత్రికి మళ్లీ గడ్డకట్టి, నేల మీద గాజు పరిచినట్టు ఉంది. జారి, కుడిచెయ్యి ఊని పడ్డారు. నేను పరిగెత్తుకెళ్లేసరికి మణికట్టు గరిటె వంపు తిరిగి ఉంది. ఆవిడ ఏడవలేదు. "ఆఫీసుకు ఆలస్యమవుతుందేమో బాబూ" అన్నారు.

ఎమర్జెన్సీలో ఎక్స్‌రే తీసి, ఎముక సరిచేసి, కట్టు కట్టి సాయంత్రానికి పంపించేశారు. తర్వాత బిల్లులు ఒకటి కాదు, మూడు వచ్చాయి. ఆసుపత్రిది ఒకటి, చూసిన డాక్టరుది ఒకటి, ఎక్స్‌రే చదివిన డాక్టరుది ఇంకొకటి. మొత్తం 9,260 డాలర్లు. ఇన్సూరెన్స్ కార్డు మీద 50,000 అని ఉంది కాబట్టి మేం ధైర్యంగానే ఉన్నాం. కంపెనీ నుంచి వచ్చింది 1,100 లోపే.

ఎందుకంటే అది ఫిక్స్‌డ్ బెనిఫిట్ ప్లాన్. ఎమర్జెన్సీ రూముకు ఇంత, ఎక్స్‌రేకు ఇంత అని ముందే ఒక పట్టిక ఉంటుంది. బిల్లు ఎంతైనా సరే, పట్టికలో ఉన్నదే ఇస్తారు. ప్రీమియం తక్కువగా ఉందని దాన్ని తీసుకున్నది నేనే. మిగతా డబ్బుకు ఆసుపత్రిని వివరంగా రాసిన బిల్లు అడిగాం, ఆర్థిక సహాయం ఫారం నింపాం. లాభాపేక్ష లేని ఆసుపత్రులకు అలాంటి పాలసీ ఉండి తీరాలి, అడిగితే ఫారం ఇస్తారు. కొంత తగ్గించి, వాయిదాల్లో కట్టనిచ్చారు.

మీరు కాంప్రహెన్సివ్ అనేదే చూడండి, అంటే పట్టిక ప్రకారం కాకుండా అసలు బిల్లును బట్టి ఇచ్చేది. ముందు డిడక్టిబుల్, అంటే కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టేలోపు మనం కట్టుకోవాల్సిన మొత్తం, మన జేబులోంచి పోతుంది. ఆ తర్వాత కంపెనీతో ఒప్పందం ఉన్న నెట్‌వర్క్ ఆసుపత్రి అయితే చాలా ప్లాన్లు పరిమితి దాకా కడతాయి. కొన్ని మాత్రం మొదటి కొన్ని వేల డాలర్లలో 80 శాతమే ఇస్తాయి.

ఇక నాన్నగారి గుండె సంగతి. ఇక్కడి విజిటర్ ప్లాన్లలో పాత జబ్బులకు మామూలుగా కవరేజీ ఉండదు. షుగర్ మందులకు, చెకప్‌లకు ఇవ్వరు. "అక్యూట్ ఆన్‌సెట్" అని ఒక క్లాజు మాత్రం కొన్నిటిలో ఉంటుంది. పాత జబ్బే ఏ ముందస్తు లక్షణం లేకుండా ఉన్నట్టుండి ముదిరితే, సాధారణంగా 24 గంటల్లోపు ఆసుపత్రికి వెళ్తే కొంత పరిమితి దాకా ఇస్తారు. 70 దాటాక ఆ పరిమితి చాలా ప్లాన్లలో బాగా తగ్గిపోతుంది, కొన్నిటిలో అసలు ఉండదు. కొనేముందు ఆ ఒక్క పేజీ తప్పక చదవండి.

క్లెయిమ్స్ పనిలో ఉన్నవాణ్ణి (హైదరాబాద్):

మీ తమ్ముడు చెప్పిన దారి తప్పేం కాదు మేడమ్. కానీ ఇక్కడి పాలసీని విమానం ఎక్కకముందే తీసుకోవాలి. చాలా పాలసీల్లో 60 దాటినవాళ్లకు సబ్‌లిమిట్లు ఉంటాయి. రోజుకు గది అద్దె ఇంత, సర్జరీకి ఇంత అని. పాలసీ లక్ష డాలర్లదైనా లోపలి గీత అంతకంటే చాలా కింద ఉండొచ్చు. పాత జబ్బులకు కూడా, ఒప్పుకున్న పాలసీల్లో, ప్రాణం మీదికి వచ్చినప్పుడే ఇస్తారు.

ఒక్కటి మాత్రం బతిమాలి చెబుతున్నాను. ప్రపోజల్ ఫారంలో స్టెంట్ సంగతి దాచొద్దు. ప్రీమియం పెరుగుతుందనో, రిజెక్ట్ చేస్తారనో "లేదు" దగ్గర టిక్ పెట్టిన ఫైళ్లు మా టేబుల్ మీదికి వస్తూనే ఉంటాయి. అవతల పిల్లలు ఫోన్లో ఏడుస్తుంటారు, ఇవతల మేం చేయగలిగింది ఏమీ ఉండదు. ఫారం ఏజెంట్ నింపినా సంతకం నాన్నగారిదే. కాబట్టి ఆయన చేతే చదివించండి.

అన్నీ సరిగ్గా చెప్పినా అన్యాయంగా క్లెయిమ్ తిరస్కరిస్తే హైదరాబాద్‌లో ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్ (కంపెనీల మీద ఫిర్యాదులు విని తేల్చే అధికారి) ఆఫీసు ఉంది. కంపెనీ కాదన్న ఏడాదిలోపు ఫిర్యాదు చేయొచ్చు, ఫీజు లేదు. అమెరికా కంపెనీ ప్లాన్ తీసుకుంటే ఈ దారి ఉండదు.

బే ఏరియా నుంచి:

మా అమ్మానాన్నలు నాలుగుసార్లు వచ్చారు, ఒక్కసారీ తీసుకోలేదు. ఆ డబ్బు పక్కన పెట్టుకుంటాం. ఎమర్జెన్సీకి వెళ్తే డబ్బు లేదని వెనక్కి పంపకూడదని 1986 నుంచి చట్టమే ఉంది.

ఎడిసన్ వాసి:

చట్టం ఉన్న మాట నిజమే. పరీక్ష చేస్తారు, ప్రాణాపాయం తప్పేదాకా చూస్తారు. కానీ బిల్లు మాఫీ చేయమని ఆ చట్టంలో లేదు కదండీ. స్టెంట్ ఉన్న మనిషి ఐసీయూలో మూడు రోజులు ఉంటే, పక్కన పెట్టిన రెండు వేల డాలర్లు ఏ మూలకు?

రిటైర్డ్ మాస్టారు (ఒంగోలు):

అమ్మాయీ, నాదీ మీ నాన్నగారి వయసే. మూడుసార్లు వచ్చాను అమెరికా. ఆయన గొలుసు అన్నారంటే అసలు సంగతి గొలుసు కాదమ్మా. ఆ డబ్బు అల్లుడిది. ఆడపిల్ల ఇంటికి వెళ్లి అల్లుడి చేత లక్షలు కట్టించడం మా వయసువాళ్లకు మింగుడుపడదు.

మొదటిసారి నేనూ ఇలాగే వద్దని పట్టుబట్టాను. వచ్చిన రెండో నెలలో ఒక రాత్రి ఛాతీ బరువెక్కింది. చెబితే ఆసుపత్రి అంటారు, ఆసుపత్రి అంటే అల్లుడికి బిల్లు. వాము నమిలి పడుకున్నాను. మర్నాడూ అలాగే ఉంది. మా ఆవిడకు కూడా చెప్పలేదు. దేవుడి దయ, అది గ్యాసే. కాకపోయి ఉంటే? పైన ఆ బాబు 24 గంటల సంగతి రాశాడు. నేను రెండు రోజులు నోరు విప్పలేదు.

తర్వాతి రెండుసార్లూ నా పెన్షన్ ఖాతాలోంచి నేనే కట్టి బయలుదేరాను. ఆయనను కట్టనివ్వండి. కనీసం సగమైనా. ఆరు నెలలకు సరిపడా మందులు, డాక్టరు చీటీతో సహా, చేతి సంచిలో పెట్టుకోమనండి. పెద్ద సూట్‌కేసులో వద్దు.

గుంటూరు ఆడపడుచు:

మాస్టారూ, మీరు రాసింది స్పీకర్‌లో పెట్టి నాన్నకు చదివి వినిపించాను. ఈసారి ఫోన్ అమ్మకివ్వలేదు. కాసేపు ఊరుకుని, "వాము నమలడం నేనూ చేస్తాను" అన్నారు. ఆ మాటతో నాకు ఒళ్లు చల్లబడిపోయింది. నా దగ్గర ఇప్పటిదాకా ఎన్ని దాచారో.

అమ్మకు ఇక్కడి కాంప్రహెన్సివ్ ప్లాన్ తీసుకుంటున్నాం. నాన్నకు రెండు ప్లాన్లలో 70 దాటినవాళ్ల పేజీ పక్కపక్కన పెట్టి చూస్తున్నాను. ఒకదానిలో అక్యూట్ ఆన్‌సెట్ అసలు లేదు, రెండోదానిలో తక్కువే అయినా ఉంది. అదే తీసుకుంటాం. దానికి కట్టేది నాన్నే. గుండెకు అది చాలదని తెలుసు కాబట్టి మేం విడిగా కొంత డబ్బు కదపకుండా ఉంచుతున్నాం, వచ్చేముందు గుంటూరులో ఆయన గుండె డాక్టరుకు ఒకసారి చూపించి పంపమని తమ్ముడికి చెప్పాను.

ఇప్పుడే వాట్సాప్‌లో నాన్న ఫొటో పంపారు. 2019 డిశ్చార్జి సమ్మరీ, మడతలు చేత్తో సాపు చేసి, నాలుగు పేజీలూ.