సొరుగు పక్కలకు 12 మి.మీ. ప్లైవుడ్ చాలుతుందా, 18 వాడాలా?

ఉలి:
పనిముట్లకు బల్ల చేస్తున్నాను. పైన పక్కపక్కనే రెండు సొరుగులు, ఒక్కోదానికి 400 మి.మీ. చోటు. కింద 820 వెడల్పున ఒకటే పెద్దది. సుత్తులు, స్పానర్లు పెడతాను కాబట్టి బరువు ఎక్కువే. బల్లంతా 18 మి.మీ. ప్లైవుడ్. సొరుగులకూ అదే వాడమని కొందరు, 12 చాలని కొందరు అంటున్నారు. మీరేమంటారు?

బాడిస:
18 వాడండి. మూలల్లో స్క్రూ ప్లైవుడ్ అంచులోకే దిగాలి. 12లో కాస్త పక్కకు జరిగితే పొరలు విచ్చుకుంటాయి. 18లో స్క్రూకు రెండు వైపులా చెక్క మిగులుతుంది. పైగా బల్ల కోయగా మిగిలిన ముక్కలే సరిపోతాయి.

చిత్రిక:
బాడిస గారూ, స్క్రూ సంగతి నిజమే. కానీ అది అతుకు లోపం. దాన్ని మందంతో కప్పిపుచ్చడం నాకు నచ్చదు. గాడి తీసి, జిగురు పెట్టి, బిగించి ఆరనిస్తే 12 మి.మీ. పక్కలు గట్టిగా నిలుస్తాయి.

పక్క చెక్క నిలువుగా ఉంటుంది. బరువు మోసేది దాని ఎత్తు. 150 మి.మీ. ఎత్తున్న చెక్క మందం 12 అయినా 18 అయినా కిందికి కుంగదు.

చోటు కూడా లెక్కేయండి. పక్కన బిగించే టెలిస్కోపిక్ ఛానెళ్లకు (సొరుగు జారడానికి వేసే లోహపు పట్టాలు) రెండు వైపులా కలిపి సుమారు 26 మి.మీ. పోతుంది. 400లో సొరుగు బయటి కొలత 374. పక్కలు 18 అయితే లోపల 338, 12 అయితే 350 మిగులుతుంది. 18తో చేస్తే సొరుగుకు దాదాపు కిలో బరువు అదనం, అదీ ఛానెలే మోయాలి.

అసలు చూడాల్సింది అడుగు చెక్క. ఎంతో మంది పక్కలకు 18 పెట్టి, అడుగున 4 మి.మీ. పలుచటి పలక వేసి, దాన్నీ కింది నుంచి మేకులతో కొడతారు. బరువంతా ఆ మేకుల మీదే! నాకు బాధ కలిగించేది ఇదే. చెక్క బిగువు మందం ఘనాన్ని బట్టి పెరుగుతుంది. 6 నుంచి 9కి వెళ్తే మూడు రెట్లు దాటుతుంది. ఆ 3 మి.మీ. అక్కడ పెట్టండి.

బాడిస:
అడుగు విషయంలో మీతో ఏకీభవిస్తాను. పక్కల విషయంలో మాత్రం కాదు. గాడి తీసే యంత్రం, బిగించే క్లాంపులు అందరి దగ్గరా ఉండవు. డ్రిల్లు, స్క్రూలతోనే చేసేవారికి 15 అయినా ఉండాలి, ముందుగా సన్నని రంధ్రం వేసుకోవాలి. అడుగున దాగే ఛానెల్ వాడితే మాత్రం నేనూ 18 వద్దంటాను. వాటిలో చాలా రకాలు 16 మి.మీ. దాటిన పక్కలకు సరిపోవు.

ఉలి:
నా దగ్గర గాడి తీసే యంత్రం, రౌటర్ ఉంది, పక్కలకు 12 ఖాయం చేస్తున్నాను. చిన్నవాటికి అడుగు 6 చాలుతుందా? పెద్దదానికి 9 సరిపోతుందా?

చిత్రిక:
స్పానర్లంటున్నారు కాబట్టి చిన్నవాటికీ 9 వేయండి. పెద్దదానికి 12, లేదా 9 వేసి మధ్యలో ముందు నుంచి వెనక్కి ఒక పట్టీ అతికించండి. అడుగు చెక్క కూర్చునే గాడి 6 మి.మీ. లోతు చాలు, కింది అంచు నుంచి 10 మి.మీ. పైన తీయండి. మామూలు కలపలా ప్లైవుడ్ వాతావరణానికి పెద్దగా ఉబ్బదు, అందుకే నాలుగు గాడుల్లోనూ జిగురు పెట్టవచ్చు. సొరుగు మూలమట్టం తప్పదు.

బాడిస:
గాడి తీసేముందు ప్లైవుడ్ మందం కొలవండి. 9 అని అమ్మేది తరచూ కాస్త తక్కువే ఉంటుంది. రౌటర్‌కు 9 మి.మీ. బిట్టు (కోసే ములికి) పెట్టి తీస్తే అడుగు వదులుగా ఆడుతుంది. చిన్న బిట్టుతో రెండుసార్లు నడిపి, ముక్క పెట్టి చూసుకుంటూ వెడల్పు చేయండి.