చెల్లి వద్దంటున్నా అమ్మ సంతకంతో ఆపరేషన్ చేసేయొచ్చా?

అందరికీ నమస్కారం. మా చెల్లికి 24 ఏళ్లు, పుట్టుకతోనే సెరిబ్రల్ పాల్సీ. వీల్‌చైర్‌లో ఉంటుంది, మాట ముద్దగా వస్తుంది గానీ ఇంటర్ పాసైంది, అన్నీ బాగా అర్థమవుతాయి. నెలసరి రోజుల్లో తనను చూసుకోవడం అమ్మ వల్ల కావట్లేదని గర్భసంచి తీయించేద్దామంటున్నారు. చెల్లి వద్దంటోంది. ఏడ్చి మరీ వద్దంటోంది. డాక్టరు తనను ఒక్క మాట కూడా అడగకుండా అమ్మ వైపు తిరిగి "మీరు సంతకం పెడితే చాలు" అన్నారు. అమ్మకు నడుం నొప్పి, నేనేమో పెళ్లయి వేరే ఊళ్లో ఉన్నాను, ఆవిడ కష్టాన్ని తప్పుపట్టలేను, కానీ ఒళ్లు చెల్లిది కదా.

2016 దివ్యాంగుల హక్కుల చట్టం 10వ సెక్షన్ చదివాను. పిల్లలు పుట్టే అవకాశం పోయే ఏ వైద్యమైనా ఆ మనిషి అన్నీ తెలుసుకుని, ఇష్టపడి ఒప్పుకుంటేనే చేయాలని అందులో ఉంది. 14వ సెక్షన్‌లో గార్డియన్ ఉన్నా ఇద్దరూ కలిసి నిర్ణయించుకోవాలనే ఉంది. అమ్మ అసలు గార్డియన్‌గా ఎక్కడా నమోదు కాలేదు.

మీలో ఎవరికైనా ఇలాంటిది ఎదురైందా? ఆస్పత్రికి కాగితం మీద ఏమని రాసివ్వాలి, చెల్లి వేలిముద్ర చెల్లుతుందా? కలెక్టర్‌ను కలవాలా, రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయాలా? ఆపరేషన్ కాకుండా వేరే మందులతో సర్దుకున్నవాళ్లుంటే అదీ చెప్పండి, అమ్మకు చూపిస్తాను. సోమవారం మళ్లీ రమ్మన్నారు, చాలా టెన్షన్‌గా ఉంది.